ఉష్ణదేశయాత్ర

క్రిస్మసునాడు మంచు కురియకున్న ఆంగ్లేయులకు పండుగ పండుగవలె తోచదు. వారి పటములలోను, శుభాకాంక్షల కార్డులలోను ఇంటికప్పులపై తెల్లని మంచు పేరుకొనియే యుండును. మన కవులును చలిని మెచ్చినవారే. ఋతుసంహారమున హేమంతమున కొక సర్గయు, శిశిరమున కొక సర్గయు కలవు. ఇరువదియేండ్లుగా ఆ శ్లోకములను పిల్లలచేత వల్లె వేయించుచున్నాము గాని, చలిని మెచ్చుట మాత్రము మాకు చేతకాలేదు. కారణము కవిత్వములో లేదు. మా రొమ్ములో నున్నది. డిసెంబరు నెల ప్రవేశించినంతనే మాకు పిల్లికూతలు మొదలగును. ఒకనాడు మేము హేమంతవర్ణనము పఠించుచుండగా వెనుకబల్లమీది బాలుడు, "అయివారి లోపల పిల్లి ఉండాదిరా" అని ప్రక్కవాని చెవిలో చెప్పుట వింటిమి. ఉపమానము తప్పు కాదు గనుక శిక్షింపలేదు.

మేము పనిచేయు పాఠశాల మదనపల్లె సమీపమున నున్నది. మా యిల్లు పుత్తూరు. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్న పీఠభూమి. పుత్తూరు 150 మీటర్లకు మించని మైదానము. నూరు మీటర్లు దిగినప్పుడెల్ల గాలి అరడిగ్రీకి పైగా వేడెక్కునని భూగోళపాఠము చెప్పుచున్నది. అనగా మా బడికిని మా యింటికిని నడుమ మూడు నాలుగు డిగ్రీల చలి భేదము కలదు. సముద్రతీరమునకు పోయినచో రాత్రులందు ఆ భేదము ఇంకను హెచ్చును. ఏలన, సముద్రము తాను గ్రహించిన వేడిని భూమివలె త్వరగా విడువదు.

మదనపల్లె చల్లదనమును కోరి వచ్చినవారు గొప్పవారు. హార్స్లీ యను కడప కలెక్టరు ఏనుగు మల్లమ్మ కొండపై వేసవి బంగళా కట్టుకొని, కొండకు తన పేరును మిగిల్చిపోయెను. 1915లో క్షయరోగులకై ఆరోగ్యవరమున చికిత్సాలయము వెలసెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు ఇచటి థియసాఫికల్ కళాశాలలో కొన్నాళ్లు విశ్రమించి 'జనగణమన' గీతమును తానే యింగ్లీషులోనికి మార్చెను. ఇందరు కోరి వచ్చిన చలినుండి ఏటేట ఒక బడిపంతులు పారిపోయినంతమాత్రమున ఆ యూరికి లోటు రాదని మా నమ్మకము.

మిషను పాఠశాలలకు క్రిస్మసు సెలవు లిచ్చి, సంక్రాంతి సెలవులను తగ్గింతురు. ఆ క్రిస్మసు సెలవులలో మదనపల్లెనుండి పుత్తూరునకు సైకిలుమీద దిగివచ్చుట నాలుగేండ్లుగా మాకొక వ్రతమైనది. బస్సున నొక్క పూటలో చేరవచ్చును. కాని బస్సు మనుష్యుని ఒక గాలినుండి మరియొక గాలిలోనికి మూటవలె విసరివేయును. సైకిలు చేయిపట్టుకొని దించును. మాది మా తండ్రిగారు తొక్కిన నల్లని హెర్క్యులీసు. 1949లో మద్రాసు చెంత అంబత్తూరున స్థాపింపబడిన కర్మాగారపు సంతతి. జీతము గల ఉపాధ్యాయుడు ఊరు దాటి సైకిలు తొక్కుట నేడు లోకమునకు వింత. "బండి రిపేరా, అయివారూ?" అని జాలితో నడుగువారు కొందరు, "పొట్ట తగ్గించేదానికా?" అని నవ్వుతో నడుగువారు కొందరు. వైద్యుడు మాత్రము రెండు నియమములు పెట్టెను: పీల్చుమందు జేబులో నుండవలెను, ఎండ యెక్కిన పిదపనే బయలుదేరవలెను.

2023 డిసెంబరు 23వ తేదీ శనివారము ఎనిమిది గంటలకు మదనపల్లె విడిచితిమి. మేము దిగుటను మీటర్లతో గాక బట్టలతో కొలుతుము. వాయల్పాటి పట్టాభిరాముని సన్నిధి దాటువరకు కోతిటోపి తలపై నుండెను. కలికిరి దాటినపిదప మఫ్లరు సంచిలో చేరెను. పీలేరులో స్వెట్టరు విప్పి, ఆ రాత్రి అచటనే పరుంటిమి. మరునాడు భాకరాపేట కనుమ. టమాటాల లారీలు మూలుగుచు మా ప్రక్కనుండి దిగుచుండగా, బ్రేకులు పట్టి పట్టి వ్రేళ్లు కొయ్యబారెను. అడవినీడలో చెవులు గడ్డకట్టినవి. కనుమ తుదముట్టి ఎండలో పడినంతనే, ఎవరో ఉడుకునీళ్ల గంగాళపు మూత తీసినట్లు వెచ్చని గాలి మొగమునకు తగిలెను. అచట మేము సైకిలు నిలిపి, ఒక్క నిమిషము ఊరక నిలుచుందుము. లోపలి పిల్లి ఆ చోటనే మొదటిసారి మౌనము వహించును.

వైకుంఠ ఏకాదశి ముందటి దినమే యగుటచేత తిరుపతి జనసముద్రమై యుండెను. దానిని ఈది బయటపడి పుత్తూరుదారి పట్టితిమి. ఆ నెల 5వ తేదీన బాపట్ల చెంత తీరము దాటిన మిచౌంగు తుపాను ఈ ప్రాంతమును బాగుగా తడిపినది. చెరువులు నిండి, రెల్లు పచ్చబడి, దారి ప్రక్క కాలువలలో కొంగలు నిలిచియుండెను. ప్రొద్దు వాలువేళకు నగరికొండలు కానవచ్చినవి. వానిలో ముక్కువలె పొడుచుకొనివచ్చిన శిఖరమును నగరిముక్కు అందురు. తొల్లి మద్రాసు తీరమున తిరుగు నావికులకు అది గుర్తుగా నుండెడిది. నావికులకు తీరము నెరిగించిన ముక్కు మాకు ఇల్లు నెరిగించును. ఊరిలో మరమగ్గముల చప్పుడు. ఒక వీథిలో చర్చి ముంగిట కాగితపు నక్షత్రము వ్రేలాడుచున్నది. ప్రక్కవీథిలో ధనుర్మాసపు ముగ్గులకై రేపటి పిండిని చిన్నవారు జల్లించుచున్నారు. రెండు పండుగలును తెల్లవారుజామునే మేలుకొనునవి. రెంటికిని చలియే తోడు.

ఇంతవరకు ఏటేట జరుగు కథయే. జరుగని కథ ఆ రాత్రి భోజనముకడ మొదలైనది.

"నాయనా, ఈ తూరి సముద్రం దాకా పోదాం. నేనూ వస్తా" అని మా కుమార్తె యనెను. ఆమెకు పదియారేండ్లు, ఇంటర్మీడియెటు మొదటి సంవత్సరము. ఆమె యారవ తరగతిలో నుండగా మేమే సైకిలు కొనియిచ్చితిమి. పదవ తరగతి ముగిసినది మొదలు అది మేడమెట్ల క్రింద చేరినది. ఆమె కళాశాల బస్సెక్కుచున్నది. ఎవరును వలదనలేదు. ఎవరును వలదనకయే మన యిండ్లలో ఎన్నియో నిలిచిపోవును. కొన్నియేండ్ల క్రిందట ప్రభుత్వము 'బడికొస్తా' యను పేర తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు పంచెను. మంచి పని. కాని మా వీథిలోనే చూచితిమి: బడికి పోవునంతకాలము ఆ సైకిలు చెల్లెలిది, బడి ముగిసిన మరునాటినుండి అన్నది.

చదువరులారా, మేము స్త్రీవిద్యనుగూర్చి సభలలో ముచ్చటించినవారము, వ్యాసములు వ్రాసినవారము. 1990వ దశకపు తొలినాళ్లలో తమిళనాటి పుదుక్కోట జిల్లాలో శీలారాణి చుంకత్ యను కలెక్టరు అక్షరాస్యతోద్యమములో సైకిలు నేర్పుటను చేర్చగా, వేలకొలది పల్లెటూరి స్త్రీలు సైకిలెక్కి అంగళ్లకు, ఆసుపత్రులకు తామే పోసాగిరని తరగతిలో ఎన్నిమారులో చెప్పితిమి. అట్టి మేము ఆ రాత్రి ఏమంటిమి? "అవ్వ ఒప్పుకోదమ్మా" అంటిమి.

ఆమె విడువలేదు. దారిలో లారీలన్నచో, పోవునది పెద్దదారి కాదు, నారాయణవనము, నాగలాపురము దారి యనెను. రాత్రి బస యన్నచో, సత్యవేటిలో చిన్నమ్మ యిల్లున్నదనెను. కళాశాల యన్నచో, రెండు దినములకు సెలవు చీటి వ్రాసి చూపెను. అలసట యన్నచో, "మీకా, నాకా?" అనెను. మా కారణములు నాలుగును పడిపోయినవి. అయిదవది మిగిలినది; దానిని పైకి చెప్పలేకపోతిమి. వయస్సు వచ్చిన పిల్ల తొడల కిరువైపుల కాళ్లు వేసి ఊళ్లవెంట సైకిలు తొక్కుచు పోయిన నలుగురేమందురో యనునదియే ఆ యయిదవది. మొదటి నాలుగును దానికి తొడిగిన అంగీలు.

అంతలో మా తల్లి వంటయింటినుండి వచ్చి, "ఏమిరా, నేను ఎప్పుడు వొద్దన్యా? నా పేరు చెప్పి నువ్వు దాంకుంటావుండావే!" అనెను.

మేము తలయెత్తలేదు. ఆమె గడపమీద కూర్చుండి, నలువదియారేండ్ల మా వయస్సులో ఎన్నడును చెప్పని మాట యొకటి చెప్పెను. 1965 ప్రాంతమున ఆమె పండ్రెండేండ్ల పిల్ల. ఆమె యన్న గంటకింత యని అద్దెకు తెచ్చిన సైకిలును, అతడు ఈతకు దిగినవేళ, చెరువుకట్టమీద నడిపించుకొని పోవుచుండెడిది. జీను అందదు గనుక కమ్మీ సందున కాలు దూర్చి అడ్డతొక్కుడు నేర్చెను. మూడు దినములు పడెను. నాలుగవనాడు కట్ట యీ కొననుండి ఆ కొనకు పడక పోయెను. ఆనాడే మేనమామ చూచెను. ఇంట దెబ్బలు పడినవి. ఆ యేడే బడియు మాన్పించిరి.

"పడితే కాలు విరుగుతాదని అన్యారు. కాలు విరిగితే కట్టు కట్టేవాళ్లు మనూర్లోనే ఉండారు. కాలు విరక్కుండానే నన్ను ఇంట్లో కూచోబెట్టిన్యారు. దానికి కట్టు యాడుందిరా?"

పుత్తూరు కట్టు ఎరుగనివారు దక్షిణదేశమున అరుదు. రాచపాళెపు ఎముకల వైద్యులు ఆకుపసరులు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుదబ్బలు, గుడ్డపేలికలతో కట్టు కడుదురు. తమిళ, కన్నడ దేశములనుండి సైతము విరిగిన కాళ్లును చేతులును మా యూరు వెదకికొని వచ్చును. అట్టి యూర పుట్టి పెరిగిన మాకు ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకలేదు.

క్రిస్మసునాడు మేడమెట్ల క్రిందినుండి సైకిలు వెలికి వచ్చెను. పంచరు అంగడివాడు ట్యూబులు మార్చి, బ్రేకుకట్టలు వేసి, చెయినుకు నూనె పట్టించెను. 26వ తేదీ ఉదయము మా తల్లి పులిహోర పొట్లములు కట్టి, మనుమరాలి సైకిలు ముందుచక్రమున కొక నిమ్మకాయ పెట్టి త్రొక్కించెను. మాకు పెట్టలేదు.

నారాయణవనము దాటువరకు మేము ముందు, ఆమె వెనుక. కాపాడువాడు ముందుండవలెనని మా సిద్ధాంతము. కాని డిసెంబరులో తూర్పునకు పోవువాడు ఎదురుగాలికి పోవును. ఈశాన్యపు గాలి ఆ కాలమున సముద్రమునుండియే వీచును. వెచ్చదనము ఎచటనుండి వచ్చుచున్నదో, అడ్డగించు గాలియు అచటనుండియే వచ్చుచున్నది. ఒక గంటకు మా రొమ్ము బిగిసెను. నిలిచి మందు పీల్చితిమి. ఆమె యేమియు ననక ముందునకు వచ్చి, "నా చక్రానికి దగ్గరగా రా నాయనా, గాలి తగలదు" అనెను. పందెగాండ్ర కిది తెలిసిన కిటుకే: ముందువాడు గాలిని చీల్చును; వెనుకవానికి శ్రమ తగ్గును. మొన్న తల్లి పేరు చాటున దాగిన మేము ఈనాడు కుమార్తె వీపు చాటున దాగి, నాగలాపురము చేరితిమి.

నాగలాపురమునకు కృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరు పెట్టెనందురు. వేదనారాయణస్వామి గుడి యెదుట పులిహోర తింటిమి. సురుటుపల్లెలో శివుడు లింగరూపమున గాక, విషము త్రాగి సోలినవాడై అమ్మవారి చెంత శయనించియుండును. మా కుమార్తె ఆ మూర్తిని, పిమ్మట మా చేతిలోని పీల్చుమందును చూచి నవ్వెను. పిదప ఊత్తుకోటకడ కొంతదూరము తమిళనాడు. కృష్ణాజలమును మద్రాసునకు కొనిపోవు తెలుగుగంగ కాలువ ఆ దాపుననే సరిహద్దు దాటును. 1996లో ఆ నీరు పూండి జలాశయమును చేరెను. నీరు రెండు రాష్ట్రములు దాటుటకు ఏండ్లు పట్టినది. మాకు అరగంట పట్టెను.

"నలుగురు" ఏమనిరి? చెప్పవలెను గదా. ఇద్దరు కుర్రవాండ్రు మోటారుసైకిలుమీద మా వెంట కొంతదూరము వచ్చి, వెనుక మమ్ము చూచి తొలగిపోయిరి. ఒంటరిగా నున్న తొలగిపోయెడివారు కారేమో యను తలంపు మమ్ము విడువలేదు, దానిని దాచము. ఒక టీ అంగడి ముసలాయన, "ఆడబిడ్డను ఇట్ల ఎండలో తిప్పుతావుండావే, పెండ్లి చెయ్యొద్దా?" అనెను. చెరకుతోటలో పనిచేయుచున్న స్త్రీలు మాత్రము కొడవళ్లు దించి, "యాడికి పాపా?" అని యడిగిరి. "సముద్రానికి" అని ఆమె కేక వేసెను. వారిలో నొకతె కొడవలి పైకెత్తి ఊపెను. నలుగురు ఏమందురో యని భయపడినపుడు మేము ఆ స్త్రీలను నలుగురిలో లెక్కింపలేదు.

సత్యవేటికి రెండు మైళ్లు ఈవల మేము పడితిమి. పడినది మేము; ఆమె కాదు. నిండిన చెరువుమీది పక్షులను చూచుచు ఇసుకలోనికి చక్రము పోనిచ్చితిమి. కుడి మణికట్టు వాచెను. ఆమె చున్నీ చింపి, తడిపి, బిగించి కట్టెను; మా సంచిని తన సైకిలుకు తగిలించెను. ఆటో పిలువుమా యని యడిగితిమి. "నీకు కావాలంటే పిలుస్తా. నేనైతే తొక్కుతా" అనెను. ఎడమచేతితో తొక్కితిమి.

మరునాడు తడ, సూళ్లూరుపేట దాటి పులికాటు సరస్సుమీది దారి కెక్కితిమి. చిలకకు పిదప మన దేశమున ఉప్పునీటి సరస్సులలో రెండవది యిదియే. ఇరుప్రక్కల నీరు, నడుమ దారి, మొగమున ఉప్పగాలి. మధ్యాహ్నమునకు చొక్కా వీపున కంటుకొనెను. డిసెంబరున చెమట పట్టుట యెంత సౌఖ్యమో ఉబ్బసపురోగికి చెప్పవలెను గాని ఇతరులకు చెప్పిన నవ్వుదురు. దూరమున లోతులేనిచోట గులాబీగీతవలె ఫ్లెమింగోలు నిలిచియుండెను. వానిని రాజహంసలందురు గాని కావ్యములలోని హంస వేరు. ఇచటి పక్షులన్నియు సైబీరియానుండి వచ్చునని జనులందురు, అదియు సరికాదు. సూదితోకబాతులు ఉత్తరపు చలిదేశములనుండి వచ్చును. నేలపట్టున కడపచెట్లపై గూళ్లు పెట్టు గూడబాతులు మన దేశమువే. ఫ్లెమింగోలకు కచ్ఛపు ఉప్పునేలలు పుట్టినిండ్లు. ఆడపక్షి మగపక్షి యను భేదము లేక అన్నియు ఎగిరి వచ్చినవే.

అటకానితిప్ప దాటి ముందునకు పోయిన శ్రీహరికోట కాపలా. ఆవల అంతరిక్షకేంద్రము, అనుమతి లేక పోరాదు. సముద్రము ఆ యావలనే యున్నది. మేము వెనుకకు మరలుద మంటిమి. మా కుమార్తె ఆ దిక్కు చూచుచు, "వచ్చే యేడు పళవేర్కాడు దారిన పోదాం. అక్కడ ఎవరూ ఆపరు" అనెను. 'పోదాం' అనుటలో మేమును ఉన్నామని సంతసించితిమి. అయిదు దినముల పిదప, 2024 జనవరి 1వ తేదీన, ఆ గడియ కావలినుండి ఎక్స్పోశాటు అను ఉపగ్రహమును మోసికొని పి.ఎస్.ఎల్.వి. సి-58 రాకెట్టు ఎగసెను.

సైకిళ్లను రైలున వేసికొని గూడూరు, రేణిగుంటల మీదుగా ఇల్లు చేరితిమి. మణికట్టునకు ముందు ఎక్స్‌రే తీయించితిమి. పటము తీయించిన పిదప కట్టించుకొనుట మేలని మా మతము. ఎముక విరుగలేదు, నరము బెణికినది. అయినను మా తల్లి రాచపాళెమునకు కొనిపోయి కట్టించెను. తిరిగివచ్చునప్పుడు మా చేతి కట్టును, మనుమరాలి యెండకు నల్లబడిన మొగమును మార్చి మార్చి చూచి, "పుత్తూరు కట్టు నీకు పడిందిరా. మంచిదే" అనెను.

సెలవులు ముగిసి మదనపల్లె చేరితిమి. చలియు, పిల్లియు మరల వచ్చినవి. పుత్తూరునుండి మా తల్లి ఫోనులో చెప్పిన వార్త యిది: మేడమెట్ల క్రింద చోటు ఖాళీగా నున్నది, పిల్ల కళాశాల బస్సు మానుకొన్నది. ఆదివారములందు అవ్వను వెనుక కూర్చుండబెట్టుకొని చెరువుకట్టమీదికి తీసికొనిపోవుచున్నదట. కట్ట యీ కొననుండి ఆ కొనకు.